ఓటు వేసేలోపే తేలిపోయే సంగతులు: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో నిర్ణయాలు ఎలా జరుగుతాయి

వరంగల్ ఎన్‌ఐటీ నుంచి బాసర ట్రిపుల్ ఐటీ దాకా కాలేజీల్లో ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్, పరిచయమయ్యేది ఎక్కువగా గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్ ద్వారానే. అక్కడ ఎవరో ఒక ఫీచర్ కావాలని అడుగుతారు, కింద నాలుగైదు వందల బొటనవేళ్లు లేస్తాయి, ఏళ్లు గడుస్తాయి, ఆ ఫీచర్ మాత్రం రాదు. ఏదో ఒక రోజు ఆ ప్రాజెక్టును చూసుకునే మెయింటైనర్ వచ్చి, ఇది మేం చేయం అని ఒక్క ముక్క రాసి మూసేస్తాడు. చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఇంతమంది అడిగితే ఒక్కడు కాదంటాడా, కమ్యూనిటీ అని పేరు పెట్టుకుని ఇదేం పెత్తనం అని. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ ఓపెన్ సోర్స్‌లో ఎక్కువమంది చేతులెత్తితే పని జరిగిపోతుందని ఎవరూ ఎక్కడా మాటివ్వలేదు. ఓటింగ్‌ను బాగా వాడుకునే ప్రాజెక్టులు కూడా దాన్ని చివర్లోనే, వేరే దారి లేనప్పుడే బయటికి తీస్తాయి. అసలు వ్యవహారమంతా అంతకుముందే నడుస్తుంది: ఎవరు అభ్యంతరం చెప్పొచ్చు, చెప్తే దానికి జవాబు ఎవరివ్వాలి, బ్యాలెట్ మీద ఏమేం ఉండాలో ఎవరు రాస్తారు.

బొటనవేళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. 2016 జనవరిలో పేరున్న ప్రాజెక్టుల మెయింటైనర్లు చాలామంది కలిసి గిట్‌హబ్‌కు ఒక బహిరంగ లేఖ రాశారు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి, ప్రతి చర్చ కిందా జనం ఊరికే +1 అని రాసి పోతుంటే అసలు మాట ఎక్కడుందో దొరకట్లేదని. ఆ ఏడాది మార్చిలోనే గిట్‌హబ్ ఇప్పుడు మనం చూసే బొటనవేలు, గుండె బొమ్మలు పెట్టింది. అంటే ఆ బొమ్మలు వచ్చిందే ఆ +1 గోలను ఒక మూలకు సర్దడానికి, జనం వాటిని ఓటు హక్కు అనుకుంటున్నారు. బొటనవేలు ఎత్తడానికి ఒక క్షణం చాలు, ఆ ఫీచర్ రాయడానికి నెల పడుతుంది, రాశాక వచ్చే బగ్గులు చూసుకోవడానికి పదేళ్లు పట్టొచ్చు. ఆ పదేళ్లు ఎవరి నెత్తిన పడతాయో వాళ్ల మాటకు బరువు ఎక్కువ ఉండటం సహజమే. ఎంతమందికి నొప్పి ఉందో తెలుసుకోవడానికి ఆ లెక్క పనికొస్తుంది, అంతే.

ఓట్లంటూ వేసే ప్రాజెక్టుల్లో అందరికీ తెలిసిన పద్ధతి అపాచీది. 1999లో ఏర్పడ్డ అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కింద వందల ప్రాజెక్టులు నడుస్తాయి, వాటన్నిటికీ భాష ఒకటే: +1 అంటే సరే, 0 అంటే నాకు పట్టింపు లేదు, -1 అంటే వద్దు. మధ్యలో -0.5 లాంటివి కూడా రాస్తారు, అంటే నాకైతే నచ్చలేదు గానీ అడ్డం పడను అని. రోజువారీ కోడ్ మార్పులకు ఈ మాత్రం ఓట్లు కూడా ఉండవు. ఫలానా పని చేయబోతున్నాం అని చెప్పి, మూడు రోజులు ఆగి, ఎవరూ ఏమీ అనకపోతే చేసేస్తారు. దీన్నే లేజీ కన్సెన్సస్ అంటారు. ఆ 72 గంటలు ఊరికే పెట్టింది కాదు. కాలిఫోర్నియాలో శుక్రవారం రాత్రి ఒకరు ప్రతిపాదన పెడితే కాజీపేటలో అప్పటికి శనివారం పొద్దున. ఇక్కడివాళ్లు పెళ్లిలో ఉన్నా, కరెంటు పోయినా, నెట్ లేకపోయినా మంగళవారం పొద్దుటిదాకా చూసుకుని మాట్లాడొచ్చు. నిర్ణయాలు వీడియో మీటింగుల్లో జరిగితే మన టైముకు అవి అర్ధరాత్రి పడతాయి, తెల్లారి లేచి చూసేసరికి అంతా అయిపోయి ఉంటుంది. రాతపూర్వకంగా, నెమ్మదిగా నడిచే పద్ధతి దూరంగా ఉన్నవాడికి చేసే మేలు చిన్నది కాదు.

అపాచీలో కోడ్ మార్పు మీద -1 పడితే అది వీటో. ఓటు హక్కున్న ఒక్క సభ్యుడు వేసినా ఆ మార్పు ఆగిపోతుంది. అయితే దానికి సాంకేతిక కారణం చూపాలి, చూపకపోతే ఆ వీటో చెల్లదు. ఒక లైబ్రరీ తీసేసి ఇంకోటి పెడదామని ప్రతిపాదన వచ్చిందనుకోండి. "-1, నాకు ఇది నచ్చలేదు" అంటే లెక్కలోకి రాదు. "-1, పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైళ్లు దీంతో తెరుచుకోవట్లేదు, ఫెయిలైన టెస్ట్ ఇదిగో" అంటే పని ఆగాల్సిందే, ప్రతిపాదించినవాళ్లు జవాబు వెతకాల్సిందే, అవతలివైపు ముప్పై +1లు ఉన్నా సరే. కొత్త వెర్షన్ విడుదల చేసేటప్పుడు మాత్రం వీటో కుదరదు. అక్కడ ప్రాజెక్టు కమిటీ సభ్యుల +1లు కనీసం మూడు పడాలి, అవి -1ల కన్నా ఎక్కువ ఉండాలి. ఆ +1 వేసేవాళ్లకు కూడా ఒక షరతు ఉంది. సంతకం చేసిన సోర్స్ ప్యాకేజీని సొంత మెషిన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని, సంతకం సరిచూసి, బిల్డ్ చేసి, పరీక్షించి చూశాకే వేయాలి. ఓటు వేయడానికే గంటో రెండు గంటలో పని చేయాల్సి వస్తుందన్నమాట, అందుకే అక్కడ మూడు ఓట్లకు అంత విలువ.

మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం అనగానే మన పల్లెల్లో వాళ్లకు సర్పంచ్ ఎన్నికల ఏకగ్రీవాలు గుర్తొస్తాయి. పోలిక కొంతవరకే పనికొస్తుంది. ఏకగ్రీవం అయ్యే ఊళ్లలో చాలాచోట్ల నిజంగానే అందరికీ ఒప్పుదల ఉంటుంది. కొన్నిచోట్ల మాత్రం పెద్దమనుషులు కూర్చుని, నామినేషన్ వేసినవాడిని బతిమాలో బెదిరించో విత్‌డ్రా చేయిస్తారు. బయటికి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోటీ లేదు, గొడవ లేదు. లేజీ కన్సెన్సస్ కూడా ఈ రెండో రకంలోకి జారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడికి లోపం కనిపిస్తుంది, కానీ ఇరవై ఏళ్ల సీనియర్ పెట్టిన ప్రతిపాదన మీద -1 వేయడానికి చెయ్యి రాదు. మూడు రోజులు గడిచిపోతాయి, అంతా ఒప్పుకున్నట్టు రికార్డవుతుంది. నియమం ఎంత బాగున్నా, అభ్యంతరం చెప్పినవాడికి ఆ ప్రాజెక్టులో ఏం జరిగిందో అందరూ చూస్తూనే ఉంటారు. ఒకసారి ఎవరినైనా అవమానించి పంపితే ఆ తర్వాత వచ్చే మౌనాన్ని అంగీకారం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ అయితే ఓట్లే వద్దంటుంది. అక్కడ సమావేశాల్లో ఒప్పుకునేవాళ్లు గొంతులోనే హుమ్మని మూలుగుతారు, తర్వాత ఒప్పుకోనివాళ్లు మూలుగుతారు, అధ్యక్షుడు చెవితో అంచనా వేసుకుంటాడు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, లెక్కపెట్టడానికి కుదరకపోవడమే అందులో సుగుణం. 2014లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7282 అనే పత్రం ఈ తీరును వివరంగా చెప్పింది: ప్రతి అభ్యంతరాన్నీ పట్టించుకుని జవాబు వెతకాలి, దాన్ని ఒప్పుకుని తీరాలని మాత్రం లేదు. ఐదుగురే అడ్డం చెప్పినా వాళ్ల పాయింట్‌కు జవాబు లేకపోతే ఏకాభిప్రాయం లేనట్టే. వందమంది అడ్డం చెప్పినా వాళ్లందరిదీ ఒకే పాయింటయి, దానికి అప్పటికే జవాబు ఉంటే ముందుకు పోవచ్చు. కొత్త కంట్రిబ్యూటర్లకు ముందుగా నేర్పాల్సిన సంగతి ఇదే, గిట్ కమాండ్ల కన్నా ముందు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఏ ప్యాచ్, అంటే కోడ్ మార్పు, లోపలికి రావాలన్నది ఆ భాగం చూసే మెయింటైనర్ చేతిలో, చివరికి దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ చేతిలో ఉంటుంది. ఓట్ల ఊసే లేదు.

ఓట్లను సీరియస్‌గా తీసుకున్నది లినక్స్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టుకు 1998 నుంచి రాజ్యాంగం ఉంది, ఏటా నాయకుడిని ఎన్నుకుంటారు, ఓటు హక్కున్న డెవలపర్లు దాదాపు వెయ్యిమంది. వాళ్లు ఒక్క పేరుకు టిక్కు పెట్టరు, ఉన్న ఎంపికలన్నిటికీ వరుస ర్యాంకులిస్తారు. ఎందుకో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం. హన్మకొండలో ఒక కాలేజీ క్లబ్బులో ముప్పై మంది ఉన్నారనుకోండి, ల్యాబ్ సిస్టమ్స్‌లో ఏ లినక్స్ వేయాలన్నది ప్రశ్న. పదమూడు మంది ఫెడోరా, తర్వాత డెబియన్, చివర ఉబుంటు అన్నారు. పది మంది ఉబుంటు, తర్వాత డెబియన్, చివర ఫెడోరా అన్నారు. మిగిలిన ఏడుగురు డెబియన్, తర్వాత ఉబుంటు, చివర ఫెడోరా అన్నారు. మామూలు లెక్కలో 13 ఓట్లతో ఫెడోరా గెలిచింది, పార్టీ చేసుకోవడమే తరువాయి. ఇప్పుడు ఇద్దరిద్దరిని ఎదురెదురుగా పెట్టి చూడండి. డెబియనా ఫెడోరానా అంటే 17 మంది డెబియన్ వైపు, 13 మంది ఫెడోరా వైపు. డెబియనా ఉబుంటునా అంటే 20 మంది డెబియన్ వైపు. ఉబుంటుతో పెట్టినా ఫెడోరాకు మళ్లీ 13, 17 తేడాతో ఓటమే. మొదటి లెక్కలో గెలిచింది ఎవరితో తలపడినా ఓడిపోయేదే, అందరికన్నా తక్కువ ఓట్లొచ్చిందేమో ఎక్కువమంది ఒప్పుకునేది. ఈ జంటల పోలికను కాండోర్సే పద్ధతి అంటారు. ఒక్కోసారి మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించే చిక్కుముడి పడుతుంది, దాన్ని విప్పడానికి డెబియన్ 2003 నుంచి షూల్జే పద్ధతి వాడుతోంది.

దీనికి తోడు ప్రతి బ్యాలెట్ మీదా పైవేవీ వద్దు అనే ఎంపిక ఉంటుంది. మన నోటా లాంటిదే కదా అనిపిస్తుంది గానీ, దీనికి కోరలున్నాయి. మన అసెంబ్లీ ఎన్నికల్లో నోటాకు ఎన్ని పడ్డా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడు గెలుస్తాడు. డెబియన్‌లో ఏ ప్రతిపాదనైనా ముందు ఆ నోటాను ఓడించి రావాలి, రాకపోతే పోటీలోంచే పోతుంది. రాజ్యాంగం మార్చాలంటే ఆ నోటా కన్నా మూడింతల మద్దతు కావాలి. కోరం లెక్క ఇంకా చిత్రం. మొత్తం డెవలపర్ల సంఖ్యకు వర్గమూలం తీసి, దాన్ని సగం చేసి, మూడుతో గుణిస్తారు. వెయ్యిమంది ఉంటే 47కు కాస్త పైన వస్తుంది, అంటే నోటా కన్నా ఈ ప్రతిపాదనే మేలన్నవాళ్లు ఆ మాత్రం ఉండాలి. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లలో సగంమంది వచ్చి ఓటేయాలని పట్టుబడితే ఏదీ ఎప్పటికీ తేలదని వాళ్లకు తెలుసు.

ఇంత పకడ్బందీ యంత్రం కూడా గొడవల్ని ఆపలేదు. కంప్యూటర్ ఆన్ చేయగానే మిగతా ప్రోగ్రాములన్నిటినీ లేపే మూల ప్రోగ్రాము ఏది ఉండాలన్న తగాదాలో, 2014 ఫిబ్రవరిలో ఎనిమిది మంది సాంకేతిక కమిటీ సిస్టమ్‌డీ వైపు నలుగురు, అప్‌స్టార్ట్ వైపు నలుగురుగా చీలిపోయింది. అధ్యక్షుడి కాస్టింగ్ ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. నలుగురు నలుగురుగా చీలిన ఓటుతో తేలినదాన్ని ఓడినవాళ్లు మనసారా ఒప్పుకోవడం జరిగే పని కాదు, తగాదా అదే ఏడాది నవంబర్‌లో డెవలపర్లందరి ఓటుకు వచ్చింది. గెలిచిన ఎంపిక ఏంటో తెలుసా? దీని మీద అసలు ఓటింగే అక్కర్లేదు, ఉన్న పద్ధతులు చాలు అన్నది. ఆ అలసటలో కొందరు పదవులు వదులుకున్నారు, ఇంకొందరు దేవువాన్ అని వేరు కుంపటి పెట్టుకున్నారు. 2019 డిసెంబర్‌లో ఇదే సంగతి మీద ఇంకోసారి ఓటేశారు. ఓట్ల లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, ఓడినవాళ్లు తమ మాట విన్నారని నమ్మితేనే అది తేలినట్టు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కథ దీనికి కాస్త తలకిందులు. దాదాపు మూడు దశాబ్దాలు దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ మాటే అక్కడ చివరి మాట, జనం ముద్దుగా జీవితకాల ఉదార నియంత అనేవారు. 2018లో పెప్ 572 అనే ప్రతిపాదన, అంటే కోడ్‌లో విలువను వాడుతూనే దానికి పేరు పెట్టుకునే చిన్న గుర్తు, దాని మీద జరిగిన రచ్చకు విసిగిపోయి జులైలో ఆయన తప్పుకున్నారు. పోతూ వారసుడిని పెట్టలేదు, మీరే తేల్చుకోండి అన్నారు. ఎలా తేల్చుకోవాలన్నదే మొదటి సమస్య, ఎందుకంటే ఓటు ఎలా వేయాలో నిర్ణయించడానికి కూడా ఒక పద్ధతి కావాలి కదా. నెలల తరబడి చర్చించి, పోటీ నమూనాలు రాసుకుని, డిసెంబర్‌లో ర్యాంకుల ఓటుతో పెప్ 8016ను ఎంచుకున్నారు. దాని ప్రకారం ఐదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఉంటుంది. ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లు అందులో ఇద్దరికి మించకూడదు. కౌన్సిల్‌కు అధికారాలు చాలానే ఇచ్చి, వాటిని వీలైనంత తక్కువ వాడమని కూడా అక్కడే రాశారు.

ఆ ఇద్దరికి మించకూడదన్న షరతు చాలా ముందుచూపుతో పెట్టింది. పెద్ద ప్రాజెక్టుల్లో జీతం తీసుకుని ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లు ఉంటారు, ఉద్యోగం అయ్యాక మడికొండ నుంచి ఇంటికొచ్చి రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ తెరిచేవాళ్లూ ఉంటారు. ఓటు ఇద్దరికీ ఒకటే, కానీ చర్చ మొదటి మూడు రోజుల్లో నలభై మెసేజ్‌లు రాయగలిగేది మొదటివాళ్లే, ఎంపికల మాటలు పేర్చేదీ వాళ్లే. జనమే కలిసి గీసే ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను చూసుకునే ఫౌండేషన్‌లో 2018 బోర్డు ఎన్నికల ముందు ఒకే కంపెనీ ఉద్యోగులు సుమారు వందమంది ఒక్కసారిగా సభ్యులుగా చేరడం పెద్ద దుమారమే లేపింది. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకున్నవాళ్లకే ఓటు అంటే ఇలాంటివి తప్పవు. తర్వాత అక్కడ, ఏడాదిలో 42 రోజులు మ్యాప్ మీద పనిచేసినవాళ్లు రుసుము లేకుండా సభ్యులు కావొచ్చని మార్చారు. ములుగు అడవుల్లో బాటలు గీసేవాడికి పదిహేను పౌండ్లు చిన్న మొత్తం కాదు, కాబట్టి ఈ మార్పు మంచిదే. అయినా మరీ సంబరపడనక్కర్లేదు, కంపెనీ తరఫున రోజూ మ్యాప్ గీసేవాడికి 42 రోజులు రెండు నెలల పని.

ఓటు ఎవరిదో అందరికీ తెలియాలా వద్దా అన్నది ఇంకో పేచీ. డెబియన్‌లో నాయకుడి ఎన్నిక తప్ప మిగతా తీర్మానాల మీద ఎవరు ఎలా ఓటేశారో బహిరంగంగా కనిపించేది. 2021లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ విషయంలో ప్రకటన చేయాలా అని ఓటింగ్ పెట్టినప్పుడు, ఎటు వేసినా బయటివాళ్లు వెంటపడతారన్న భయం చాలామందికి పట్టుకుంది. అప్పుడు గెలిచింది కూడా ఏ ప్రకటనా చేయం అన్న ఎంపికే. 2022లో నియమం మార్చి ఓటర్ల పేర్లు దాచారు. సాంకేతిక అభ్యంతరం పేరుతో సహా చెప్పాలి, లేకపోతే దానికి జవాబిచ్చే దారి ఉండదు. మనుషుల మీద, విలువల మీద వేసే ఓటు మాత్రం రహస్యంగా ఉండటమే నయం.

పేరు లేని గొంతులు చేసే నష్టం ఎలాంటిదో 2024లో ఎక్స్‌జెడ్ వ్యవహారం చూపించింది. ఫైళ్లను కుదించే ఆ చిన్న టూల్ దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది, దాన్ని చూసుకునేది ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న సమయంలో. కొన్ని ఖాతాలు వరసగా వచ్చి, ప్యాచ్‌లు ఆలస్యమవుతున్నాయి, కొత్త మెయింటైనర్‌ను పెట్టండి, కమ్యూనిటీకి మీరు అన్యాయం చేస్తున్నారు అని పీకల మీద కూర్చున్నాయి. చివరికి జియా టాన్ అనే పేరుతో బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఖాతాకు తాళాలు అందాయి, ఆ ఖాతా నుంచే బ్యాక్‌డోర్, అంటే సిస్టమ్‌లోకి దొంగదారి, వచ్చింది. మార్చి నెలాఖరులో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ ఎందుకో అర సెకను ఆలస్యమవుతోందని తవ్వబోయి దాన్ని పట్టుకున్నాడు. అడుగుతున్న ఆ గొంతులన్నీ దొంగ ఖాతాలేనని ఇప్పుడు చాలామంది నమ్మకం. కమ్యూనిటీ అడుగుతోంది అన్న మాట ఎక్కడ వినపడినా, ఎవరా కమ్యూనిటీ, ఇన్నాళ్లూ ఏం పని చేశారు అని అడిగే హక్కు మెయింటైనర్‌కు ఉండాలి.

ఇక ఓటుతో గానీ చర్చతో గానీ తేలనప్పుడు మిగిలేది వేరు కుంపటే. లైసెన్సు అనుమతిస్తుంది కాబట్టి కోడ్ మొత్తం తీసుకుని కొత్త పేరుతో నడుపుకోవచ్చు. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ అలాగే విడిపోయింది, టెర్రాఫామ్ లైసెన్సు మారాక 2023లో ఓపెన్‌టోఫు, రెడిస్ లైసెన్సు మారాక 2024లో వాల్‌కీ వచ్చాయి. పాలకుడు ఎంత మొండివాడైనా, జనం లేచిపోగలరని తెలిసినచోట కాస్త తగ్గే మాట్లాడతాడు. అయితే కోడ్ కాపీ చేసుకోవడం ఐదు నిమిషాల పని, డెవలపర్లనూ వాడేవాళ్లనూ వెంట తెచ్చుకోవడమే అసలు కష్టం. పెద్ద కంపెనీలు వెనక నిలబడ్డ వేరు కుంపట్లు త్వరగా పుంజుకుంటాయి, మనిషో ఇద్దరో కోపంతో పెట్టుకున్నవి చాలావరకు ఆర్నెల్లకే చల్లారిపోతాయి.

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ కాలేజీ క్లబ్బులకు ఈ రాజ్యాంగాలూ షూల్జే లెక్కలూ అక్కర్లేదు. పదిహేను మంది కలిసి బస్సు టైమింగుల యాప్ రాసుకునే చోట, ప్రతిపాదన రాతలో పెట్టి మూడు రోజులు ఆగడం, వద్దన్నవాళ్లు కారణం చెప్పడం, ఆ కారణానికి ఎవరో ఒకరు జవాబివ్వడం, ఈ మూడూ ఉంటే చాలావరకు గడిచిపోతుంది. ఇంటర్నల్స్ వారంలో పెట్టిన ప్రతిపాదనకు గడువు పది రోజులు చేయండి, ఎందుకంటే అప్పుడు ఎవరూ చూడరు. వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టి పని అయిపోయిందనుకునే అలవాటు మాత్రం మానాలి, ఆ పోల్‌లో ఎవరు ఏది ఎందుకు వద్దన్నారో వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు, కొత్త బ్యాచ్‌కు అసలు కనిపించదు. ఈ క్లబ్బుల్లో ప్రాజెక్టులు చచ్చిపోయేది ఎక్కువగా ఓట్ల తగాదాతో కాదు, ఫైనలియర్ సీనియర్ ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోతూ రిపాజిటరీ అడ్మిన్ హక్కులూ, డొమైన్ పాస్‌వర్డూ తనతోనే తీసుకుపోవడంతో. అవి ఎప్పుడూ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలనీ, అందులో ఒకరు సెకండియర్ లేదా థర్డియర్ అయి ఉండాలనీ, ప్లేస్‌మెంట్లు మొదలయ్యే ముందే అప్పగింత జరగాలనీ రీడ్‌మీ ఫైల్లో రాసి పెట్టుకోవడానికి ఏ ఓటింగూ అవసరం లేదు.